‘ఇన్సూరెన్స్ ఉందిగా!’ అనే ముందు

అమెరికా యూనివర్సిటీల్లో మార్చి నెలలో ఒక వారం సెలవులిస్తారు. దాన్నే స్ప్రింగ్ బ్రేక్ అంటారు. మనకు సంక్రాంతి సెలవులు ఎలాగో వాళ్ళకు ఇది అలాగ. కాకపోతే మనం సొంతూరికి పరిగెడతాం, వాళ్ళు ఊరు వదిలి పరిగెడతారు. ఫ్లోరిడా బీచ్‌లు, టెక్సాస్ దక్షిణపు కొసన ఉన్న సౌత్ పాడ్రే ద్వీపం, మెక్సికోలోని కాంకూన్ ఆ వారమంతా కుర్రకారుతో కిటకిటలాడతాయి. మన తెలుగు పిల్లలైతే గ్రాండ్ కాన్యన్, లాస్ వేగాస్, న్యూయార్క్, నయాగరా అంటూ నలుగురైదుగురు కలిసి కారు అద్దెకు తీసుకుని బయల్దేరతారు.

నేను మన కాలేజీలోనే బీటెక్ చేసి, ఇప్పుడు టెక్సాస్‌లో ఎంఎస్ రెండో ఏడు చదువుతున్నాను. ఈసారి మా అపార్ట్‌మెంట్‌లో నలుగురమ్మాయిలం కాంకూన్ వెళ్దామనుకున్నాం. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాలసీ చదివే పని నాకు అప్పజెప్పారు. ‘నువ్వు సాహితీ క్లబ్బులో ఉన్నదానివి కదా, ఎంత పొడుగు వాక్యమైనా చదువుతావు’ అన్నారు. చదివాను. ముప్ఫై పేజీల పైమాటే. క్లబ్బు తమ్ముడు ‘ఈ సంచికకి ఏదైనా రాయక్కా’ అని అడిగితే, కవిత కంటే ఇదే మీకు పనికొస్తుందనిపించింది. మీలో చాలామంది రెండు మూడేళ్ళలో విమానం ఎక్కేవాళ్ళే. ఎక్కువమంది ఎడ్యుకేషన్ లోన్ మీదే ఎక్కుతారు. ఒక్క అంబులెన్సు బిల్లుతో ఒక సెమిస్టర్ బడ్జెట్ తలకిందులయ్యే బతుకులు మనవి.

ముందు మాట సంగతి

‘బీమా’ అని రాయాలి, ‘భీమా’ అని కాదు. భీముడికీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పారశీకంలో ‘బీమ్’ అంటే భయం. ‘బీమా’ ఆ మాటకు చుట్టమని చెబుతారు. భయం పేరు పెట్టుకున్న ఈ బీమా, ఉత్త భయానికి మాత్రం పైసా కూడా ఇవ్వదు. ‘అక్కడ పరిస్థితి బాలేదంట, నాకు భయంగా ఉంది, ట్రిప్పు మానేస్తున్నా’ అంటే మామూలు పాలసీలో డబ్బు రాదు. ఎందుకు రాదో తెలిస్తే సగం పాఠం అయిపోయినట్టే.

పాలసీలో ఏమేం ఉంటాయి?

ట్రావెల్ ఇన్సూరెన్స్ అంటే ఒకే వస్తువు అనుకుంటాం. నిజానికి అది నాలుగైదు చిన్న బీమాలను ఒక కవరులో పెట్టి అమ్మడం.

మొదటిది ట్రిప్ క్యాన్సిలేషన్. బయల్దేరక ముందే ప్రయాణం ఆగిపోతే, ముందుగా కట్టేసి తిరిగి రాని డబ్బును ఇస్తుంది. రెండోది ట్రిప్ ఇంటరప్షన్. సగం దారిలో వెనక్కి రావాల్సి వస్తే వాడుకోని రోజుల డబ్బు, తిరుగు ప్రయాణానికైన అదనపు ఖర్చు ఇస్తుంది. మూడోది ఆలస్యాలు. విమానం ఆరు గంటలో పన్నెండు గంటలో దాటి ఆలస్యమైతే తిండికీ గదికీ రోజుకింత అని ఇస్తుంది. నాలుగోది బ్యాగేజీ. పోయినా, పాడైనా, ఆలస్యంగా వచ్చినా ఒక పరిమితి వరకు ఇస్తుంది. ఐదోది వైద్యం. దీన్లో మళ్ళీ మూడు భాగాలు: అత్యవసర చికిత్స, రోగిని సరైన ఆసుపత్రికి గానీ ఇంటికి గానీ చేర్చే మెడికల్ ఇవాక్యుయేషన్, మనిషి చనిపోతే భౌతికకాయాన్ని స్వదేశానికి పంపడం.

మనం బ్రోచర్‌లో మొదటి నాలుగూ చూసి కొంటాం. కుటుంబాన్ని నిలబెట్టేదీ కూల్చేదీ మాత్రం ఐదోది.

జాబితా సూత్రం

మామూలు పాలసీలో ‘కవర్డ్ రీజన్స్’ అని ఒక జాబితా ఉంటుంది. జబ్బు చేయడం, గాయపడటం, దగ్గరి బంధువు మరణం, తుఫాను వల్ల విమానాలు ఆగిపోవడం, కోర్టు పిలుపు లాంటివి. మీ కారణం ఆ జాబితాలో ఉంటే డబ్బు వస్తుంది, లేకపోతే రాదు. మీ కారణం ఎంత న్యాయమైనదన్నది అక్కడ ప్రశ్నే కాదు. బీమా కంపెనీ తీర్పు చెప్పే పెద్దమనిషి కాదు, జాబితా చూసి టిక్కు పెట్టే గుమాస్తా.

దీనికి తోడు ఇంకో సూత్రం ఉంది. మీరు పాలసీ కొనేనాటికే అందరికీ తెలిసిన ప్రమాదానికి కవరేజీ ఉండదు. దీనికి పెద్ద ఉదాహరణ 2020 స్ప్రింగ్ బ్రేక్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను ప్రపంచవ్యాప్త మహమ్మారిగా ప్రకటించింది ఆ ఏడాది మార్చి 11న. కానీ చాలా బీమా కంపెనీలు జనవరి చివర్లోనే దాన్ని ‘తెలిసిన సంఘటన’గా లెక్కగట్టేశాయి. ఆ తర్వాత పాలసీ కొని, వైరస్‌కి భయపడి ప్రయాణం మానుకున్నవాళ్ళకు మామూలు పాలసీ పనికి రాలేదు. ఇల్లు అంటుకున్నాక అగ్నిప్రమాద బీమా ఎవరిస్తారు?

ఈ జాబితా గొడవే వద్దనుకుంటే ‘క్యాన్సిల్ ఫర్ ఎనీ రీజన్’ అనే అదనపు కవరేజీ ఉంది. ఏ కారణానికైనా మానుకోవచ్చు. అయితే మూడు షరతులు. ట్రిప్పుకు మొదటి డబ్బు కట్టిన రోజు నుంచి సాధారణంగా 14 నుంచి 21 రోజుల్లోపు కొనాలి. బయల్దేరడానికి కనీసం 48 గంటల ముందే క్యాన్సిల్ చేయాలి. అప్పుడు కూడా పూర్తి డబ్బు రాదు, 50 నుంచి 75 శాతం వస్తుంది. ప్రీమియం కూడా దాదాపు సగం పెరుగుతుంది.

ఏవి రావు?

స్ప్రింగ్ బ్రేక్‌కి వెళ్ళేవాళ్ళు ఎరుపు సిరాతో గీసుకోవాల్సినవి ఇవి.

మత్తు: తాగి ఉన్నప్పుడో, డ్రగ్స్ తీసుకున్నప్పుడో జరిగిన ప్రమాదాన్ని దాదాపు ప్రతి పాలసీ మినహాయిస్తుంది. ఆసుపత్రిలో రక్తపరీక్ష చేస్తారు, ఆ కాగితం క్లెయిమ్ ఫైలులోకి వెళ్తుంది. ‘రెండు బీర్లేగా’ అన్నది మన లెక్క. కంపెనీ చూసేది రిపోర్టులో ఉన్న అంకె.

సాహసాలు: బంగీ జంప్, స్కైడైవింగ్, పారాసెయిలింగ్, ఒక లోతు దాటిన స్కూబా డైవింగ్ లాంటివి చాలా పాలసీల్లో ఉండవు. కావాలంటే అడ్వెంచర్ స్పోర్ట్స్ కవరేజీ విడిగా కొనుక్కోవాలి. బీచ్‌లో అమ్మే సరదాల్లో సగం ఈ పద్దు కిందికే వస్తాయి.

పాత జబ్బు: పాలసీ కొనడానికి ముందు 60 నుంచి 180 రోజుల్లో మీరు చికిత్స తీసుకున్న లేదా మందు మార్చుకున్న జబ్బును ‘ప్రీ ఎగ్జిస్టింగ్’ అంటారు. ఆస్తమా ఉన్నవాళ్ళు ఇది తప్పక చూడాలి. మొదటి డబ్బు కట్టిన రెండు మూడు వారాల్లోపు పాలసీ కొంటే ఈ మినహాయింపును ఎత్తేసే కంపెనీలు ఉన్నాయి. అందుకే టికెట్ కొన్న వారమే పాలసీ కూడా చూసుకోవడం మేలు.

గమనించకుండా వదిలేసిన వస్తువు: ఇసుకలో టవల్ మీద ఫోన్ పెట్టి నీళ్ళలోకి దిగితే, అది పోయినప్పుడు ‘అన్‌అటెండెడ్’ అని కొట్టేస్తారు. ఎలక్ట్రానిక్ వస్తువులకు విడిగా ఒక చిన్న పరిమితి కూడా ఉంటుంది. ల్యాప్‌టాప్ మొత్తం ఖరీదు వస్తుందని ఆశపడకండి.

అద్దె కారు: మీ కారు ఎదుటివాళ్ళను గుద్దితే వాళ్ళకు కట్టాల్సిన నష్టం ట్రావెల్ పాలసీలో రాదు. అది లయబిలిటీ ఇన్సూరెన్స్. కారు అద్దెకు తీసుకునే చోటే అడిగి తేల్చుకోవాలి. అగ్రిమెంట్‌లో పేరు లేని వ్యక్తి స్టీరింగ్ పట్టుకుంటే, కొన్న కవరేజీ కూడా చెల్లకుండా పోవచ్చు. ‘రాత్రి రెండింటికి నాకు నిద్రొస్తోంది, నువ్వు తోలరా’ అనే అలవాటు మనవాళ్ళకు బాగా ఉంది కాబట్టి చెబుతున్నా.

మనకే ప్రత్యేకమైన చిక్కు

ఇది అమెరికన్ క్లాస్‌మేట్లకు తట్టదు. వాళ్ళ చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉంటుంది, మన చేతిలో ఎఫ్-1 వీసా, ఐ-20 కాగితం ఉంటాయి. పాలసీలో ఒక చిన్న లైను ఉంటుంది: ప్రయాణ పత్రాలు లేకపోవడం వల్ల, వీసా రాకపోవడం వల్ల, సరిహద్దులో ఆపేయడం వల్ల కలిగిన నష్టానికి మాకు సంబంధం లేదు.

ఉదాహరణకు మెక్సికో. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా చేతిలో ఉంటే భారతీయులు విడిగా మెక్సికో వీసా లేకుండా వెళ్ళొచ్చు. వీసా గడువు తీరిపోతే? అమెరికాకు తిరిగి రావడానికి ‘ఆటోమేటిక్ రీవాలిడేషన్’ అనే వెసులుబాటు ఉంది. మెక్సికో, కెనడాలకు 30 రోజుల్లోపు వెళ్ళొచ్చేవాళ్ళకు, ఐ-94, ఐ-20 సరిగ్గా ఉంటే, గడువు తీరిన వీసాతోనే మళ్ళీ రానిస్తారు. అక్కడుండగా కొత్త వీసాకి అప్లై చేస్తే మాత్రం ఈ వెసులుబాటు పోతుంది. అంటే తిరిగి రావడానికి దారి ఉంది గానీ, వెళ్ళడానికి మెక్సికో వీసా కావాలి. ఐ-20 మీద ట్రావెల్ సంతకం ఏడాదిలోపుది అయి ఉండాలి. నయాగరా వెళ్ళి ‘అవతలి ఒడ్డు నుంచి ఇంకా బాగా కనిపిస్తుందంట’ అని వంతెన దాటాలనుకుంటే కెనడా వీసా ఉండాలి.

మా నలుగురిలో ఒకమ్మాయి వీసా ఫిబ్రవరితో అయిపోతోంది. పాలసీలో ఆ లైను చదవగానే నలుగురి పాస్‌పోర్టులూ టేబుల్ మీద పెట్టి చూశాం కాబట్టి, డబ్బు కట్టకముందే బయటపడింది. తను నాన్నగారు పొలం తాకట్టు పెట్టి పంపిన పిల్ల. ‘మీరు ముగ్గురూ వెళ్ళండే’ అంది. మేం కాంకూన్ మానేసి సౌత్ పాడ్రే వెళ్ళాం. సముద్రం అక్కడా ఉప్పగానే ఉంది.

వైద్యం: అసలు పందెం ఇక్కడే

అమెరికాలో ఉన్నంతకాలం యూనివర్సిటీ ఇప్పించిన హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటుంది కదా, మళ్ళీ ఇదెందుకు అని అడగొచ్చు. మంచి ప్రశ్న. దేశం లోపలి ప్రయాణమైతే చాలావరకు అదే సరిపోతుంది. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ‘నో సర్‌ప్రైజెస్’ చట్టం, ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి ఆసుపత్రికి వెళ్ళినా రోగి మీద అదనపు భారం మోపకుండా అడ్డుకుంటుంది. అయితే ఆ చట్టం ఎయిర్ అంబులెన్సుకు వర్తిస్తుంది గానీ, రోడ్డు మీద వచ్చే అంబులెన్సుకు వర్తించదు. మా క్లాస్‌మేట్ ఒకబ్బాయి కొండదారిలో జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. కట్టు సంగతి ఇన్సూరెన్స్ చూసుకుంది. అంబులెన్సు బిల్లులో అతని వాటా మాత్రం ఒక నెల అద్దెను మించిపోయింది.

దేశం దాటితే లెక్క మారుతుంది. మెక్సికోలో చాలా ప్రైవేటు ఆసుపత్రులు ముందు డబ్బు కట్టమంటాయి. యూనివర్సిటీ ప్లాన్ విదేశంలో పని చేస్తుందో లేదో ప్లాన్‌ను బట్టి ఉంటుంది, అది ముందే అడగాలి. మెడికల్ ఇవాక్యుయేషన్ అయితే వేల డాలర్ల వ్యవహారం, దూరాన్ని బట్టి లక్ష కూడా దాటొచ్చు.

ఎంత కవరేజీ ఉంటే చాలు అని తెలియనప్పుడు ఒక కొలత చెబుతాను. ఎక్స్‌ఛేంజ్ విద్యార్థులకిచ్చే జె-1 వీసాకు అమెరికా ప్రభుత్వం కనీస బీమా నిర్ణయించింది: ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి 1,00,000 డాలర్ల వైద్యం, ఇవాక్యుయేషన్‌కు 50,000, భౌతికకాయం తరలింపుకు 25,000. మన ఎఫ్-1 వీసాకు ఫెడరల్ ప్రభుత్వం అలాంటి నియమం పెట్టలేదు, యూనివర్సిటీకే వదిలేసింది. కాబట్టి మీ ప్లాన్‌లో ఈ మూడు అంకెలూ కనీసం అంత ఉన్నాయా అని చూసుకోండి. చదువు పూర్తై ఓపీటీలోకి వెళ్ళగానే యూనివర్సిటీ ప్లాన్ ఆగిపోవచ్చు. అప్పుడు మరీ జాగ్రత్త.

మూడో అంకె గురించి మాట్లాడటం మనకు ఇష్టముండదు. అపశకునం అంటాం. కానీ ఏ జలపాతం దగ్గరో, ఏ హైవే మీదో మనవాడొకడు పోయాడన్న వార్త వచ్చినప్పుడల్లా, వెనకే విరాళాల లింకు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. ఆ లింకు మీరూ చూసే ఉంటారు. బిడ్డను చివరిసారి చూసుకోవడానికి తల్లిదండ్రులు ముక్కూమొహం తెలియనివాళ్ళ విరాళాల కోసం ఎదురుచూడాల్సి రావడం కంటే, ఆ అంకె ఒకసారి చూసుకోవడం అపశకునమేమీ కాదు.

ఒక లెక్క

ట్రిప్పు ఖర్చు తలా 1,000 డాలర్లు అనుకుందాం. విమానం 350, గది వాటా 400, ముందే బుక్ చేసిన టూర్లు 150, తిండికి చేతిలో 100. దీనికి ఎంత బీమా చేయించాలి?

తిండి డబ్బు ముందు కట్టలేదు కాబట్టి తీసేయండి. మిగిలింది 900. విమానం టికెట్ మనం మానుకుంటే చాలా కంపెనీలు, మరీ చౌకరకం టికెట్లకు తప్ప, క్రెడిట్ ఇస్తాయి. విమానాన్ని కంపెనీయే రద్దు చేసి, వేరే విమానం మనకొద్దంటే, అమెరికా నియమాల ప్రకారం డబ్బు వెనక్కి ఇవ్వాల్సిందే. వారం పైన గడువుండగా ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా కొంటే, 24 గంటల్లోపు ఉచితంగా రద్దు చేసుకోవచ్చు. కాబట్టి నిజంగా ప్రమాదంలో ఉన్నది 550. గదిని ‘ఫ్రీ క్యాన్సిలేషన్’తో తీసుకుంటే మిగిలేది 150 మాత్రమే!

పూర్తి స్థాయి పాలసీ ట్రిప్పు ఖర్చులో సుమారు 4 నుంచి 10 శాతం ఉంటుంది. అంటే 900 మీద 36 నుంచి 90 డాలర్లు. 150 కాపాడుకోడానికి 90 కట్టడం తెలివి కాదు. అదే మెక్సికో అయితే, క్యాన్సిలేషన్ లేకుండా వైద్యానికి మాత్రమే ఉండే పాలసీ మన వయసువాళ్ళకు రోజుకు కొద్ది డాలర్లలో వస్తుంది. నా సలహా ఇదే: పోయినా తట్టుకోగలిగిన దానికి బీమా వద్దు, తట్టుకోలేని దానికి మానొద్దు.

ట్యుటోరియల్: వస్తుందా, రాదా?

1. బయల్దేరే ముందు రోజు 103 జ్వరం. డాక్టరు ప్రయాణం వద్దని రాసిచ్చారు. — వస్తుంది. ఆ కాగితం మీద తేదీ, మీరు క్యాన్సిల్ చేసిన తేదీ కంటే ముందుదో అదే రోజుదో అయి ఉండాలి.

2. ప్రొఫెసర్ మిడ్‌టర్మ్‌ను సెలవుల మర్నాటికి మార్చాడు. చదువుకోవాలని మానేశారు. — రాదు. జాబితాలో లేదు.

3. తోడు వచ్చే స్నేహితురాలికి జబ్బు చేసి మానేసింది. గది అద్దె మీ మీద పెరిగింది. — కొన్ని పాలసీల్లో వస్తుంది. తను మానుకున్న కారణం జాబితాలో ఉండాలి.

4. స్నేహితురాలికి బాయ్‌ఫ్రెండ్‌తో గొడవై మానేసింది. — రాదు. పాపం ఇద్దరికీ నష్టమే.

5. మంచు తుఫానుతో విమానం పద్నాలుగు గంటలు ఆలస్యం. ఎయిర్‌పోర్టులో ఇడ్లీ దొరక్క శాండ్‌విచ్ తిన్నారు. — వస్తుంది, రసీదు ఉంటే. రసీదు లేకపోతే తిన్న మాట మీకే తెలుసు.

క్లెయిమ్ అంటే కాగితాలే

ఏది జరిగినా ముందు పాలసీ మీదున్న 24 గంటల నంబరుకు ఫోన్ చేయాలి. ముఖ్యంగా ఇవాక్యుయేషన్ వాళ్ళు ఏర్పాటు చేస్తేనే డబ్బు. మనమే విమానం మాట్లాడుకుంటే ఇవ్వరు. బ్యాగు రాకపోతే ఎయిర్‌పోర్టు దాటకముందే ఎయిర్‌లైన్ కౌంటర్లో రిపోర్టు రాయించుకోవాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో బ్యాగు పాడైతే ఏడు రోజుల్లో, ఆలస్యంగా వస్తే చేతికందిన 21 రోజుల్లో ఎయిర్‌లైన్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఇది మాంట్రియల్ ఒప్పందం నియమం. దొంగతనమైతే పోలీసు రిపోర్టు. ప్రతి కాగితాన్నీ అక్కడికక్కడే ఫోటో తీసి గ్రూపులో పెట్టండి. ఫోన్ పోయినా ఫోటో ఉంటుంది.

ఈలోగా మన దగ్గర

అమెరికా దాకా ఎందుకు, ఇండస్ట్రియల్ టూరుకి రైలు టికెట్ ఐఆర్‌సీటీసీలో తీసేటప్పుడు 45 పైసల ఇన్సూరెన్స్ అడుగుతుంది కదా. చాలామంది టిక్కు పెట్టి వదిలేస్తారు. రైలు ప్రమాదంలో మరణిస్తే లేదా శాశ్వతంగా పూర్తి వైకల్యం వస్తే 10 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 7.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చులకు 2 లక్షల వరకు ఇచ్చే బీమా అది. రైలు ఆలస్యమైనా, టూరు రద్దయినా, ఫుడ్ పాయిజనింగ్ అయినా దానికి సంబంధం లేదు. కన్ఫర్మ్ అయినవాళ్ళకీ ఆర్‌ఏసీ వాళ్ళకీ తప్ప వెయిటింగ్ లిస్టు వాళ్ళకు వర్తించదు. టికెట్ అయ్యాక బీమా కంపెనీ నుంచి వచ్చే మెసేజీలో లింకు ఉంటుంది. అందులో నామినీ పేరు నింపాలి. నింపినవాళ్ళు మీ క్లాసులో ఎంతమంది ఉన్నారో అడిగి చూడండి.

కాబట్టి హోంవర్క్ అక్కడినుంచే మొదలుపెట్టండి. తర్వాతి టూరుకి ఆ లింకు తెరిచి అమ్మ పేరో నాన్న పేరో నింపండి. ఆ తర్వాత ఆ పాలసీ తెరిచి, మొదటి పేజీ వదిలేసి, ‘ఎక్స్‌క్లూజన్స్’ అన్న మాట ఎక్కడుందో వెతికి అక్కణ్ణుంచి చదవండి. టీవీ ప్రకటన చివర ఊపిరి తీసుకోకుండా గబగబా చదివేస్తారే, ఆ భాగమన్నమాట. వాళ్ళు ఎంత వేగంగా చదివితే మనం అంత నెమ్మదిగా చదవాలి.